పాడే హారన్

బానెట్ మీద అంటించిన గద్ద బొమ్మ కళ్లలో మళ్లీ దుమ్ము చేరింది. పాత బనియను ముక్క తడిపి, వేలికి చుట్టి, ఆ కళ్లు తుడుస్తున్నాను. పొయ్యి మీద పాలు పొంగేలోపు గద్ద కళ్లు, అద్దాలు, నంబరు పలక అయిపోవాలి. కారు మా అన్న రామ్‌ప్రసాద్‌ది. తుడిచే హక్కు ఆయన చెల్లెలిది, అంటే నాది.

అన్న ఆ కారును పసిపిల్లలా చూసుకుంటాడని ఈ సరిహద్దు ఊళ్లో, మా కోంటాలో, అందరూ అంటారు. నిజమే. ఎండ తగలనివ్వడు, వాన తగలనివ్వడు, వీలైనంత వరకు రోడ్డు కూడా తగలనివ్వడు. కొట్టు మూసే రోజు తప్ప మిగతా రోజులన్నీ అది మా వాకిట్లో గుడ్డ కప్పుకుని నిద్రపోతుంది. మా సందు చివరే ఉన్న కొట్టుకు కూడా అన్న మోటారు సైకిలు మీద పోతాడు. వెనక అద్దం నిండా బంగారు రంగులో 'రామ్‌ప్రసాద్ హార్డ్‌వేర్, కోంటా' అని ఒకసారి తెలుగులో, ఒకసారి హిందీలో రాయించాడు. వెనక వచ్చేవాళ్లది ఏ భాష అయినా, తాము ఎవరి వెనక ఉన్నారో తెలుసుకునే భాగ్యం వాళ్లకు ఉండాలి కదా.

ముందు బంపర్ మీద కుడివైపు ఒక సొట్ట ఉంది. దాన్ని మాత్రం మెల్లగా తుడవాలి, అన్న చూడనప్పుడు తుడవాలి. పోయిన వానాకాలం ఎర్రబోరు దాటాక ఒక మలుపు దగ్గర ఎదురుగా వచ్చే లారీ డ్రైవరు రెండుమూడు సార్లు లైట్లు ఆర్పి వెలిగించి డిప్పర్ కొట్టి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అరచేతిని కిందికి ఆడించాడు. ముందు ఏదో ఉంది, మెల్లగా పో అని దానర్థం. ఈ రోడ్డు మీద సైకిలు తొక్కే పిల్లలకు కూడా తెలుసు. అన్నకు కూడా తెలుసు. కానీ తనకు ఒక లారీవాడు చెప్పడం ఏమిటి? అన్న ఫుల్ లైట్లు వేసి, వేగం పెంచి, తల నిటారుగా పెట్టి మలుపు తిరిగాడు. అక్కడ వెచ్చటి తారు మీద గేదెలు పడుకుని ఉన్నాయి. దెబ్బ తగిలిన గేదె లేచి, సొట్ట వంక ఒకసారి చూసి, అడవిలోకి నడిచిపోయింది. అన్న కిందికి దిగి చాలాసేపు తిట్టాడు. గేదెను కాదు, లారీవాణ్ని.

ఇక హారన్ సంగతి. కారుతో వచ్చిన హారన్ అన్నకు నచ్చలేదు. జలుబు చేసిన మేకలా ఉందన్నాడు. విజయవాడ పోయినప్పుడు బస్సులకు పెట్టే గాలి హారన్ తెచ్చాడు. నొక్కితే పెళ్లి బ్యాండు వాళ్లందరూ ఒకేసారి మెట్ల మీంచి జారిపడ్డట్టు పాట వస్తుంది. మెకానిక్ మా వాకిట్లోనే బిగించాడు. పానాలు అందించింది నేనే. పాత హారన్‌ను అతను తీసేయలేదు. దాని తీగ పీకి, కొత్తదానికి తగిలించి, పాతదాన్ని అక్కడే వదిలేశాడు. బానెట్ ఎత్తి లోపల తుడిచినప్పుడల్లా, ఉద్యోగం పోయిన మనిషిలా అది ఒక మూల కనిపిస్తుంది.

ఉద్యోగం మాట వచ్చింది కాబట్టి మా వదిన గురించి చెప్పాలి. వదిన పేరు సుధారాణి. ఆమెది కిరండూల్ టౌన్‌షిప్. వాళ్ల నాన్న చక్రధరరావు గారు గనిలో పనిచేసి రిటైరయ్యారు. సెలవు రోజుల్లో టౌన్‌షిప్ మైదానంలో కూతురికి కారు నేర్పించి, లైసెన్సు ఇప్పించి, మా ఇంటికి పంపారు. ఆ లైసెన్సు మా ఇంటి బీరువాలో చీరల మధ్య ఉంటుంది. వదిన నర్సు. ఇన్నాళ్లు కోంటాలోనే డ్యూటీ చేసింది. మొన్న బదిలీ అయింది. దోర్నపాల్ నుంచి జగర్గుండా పోయే దారిలో, లోపల ఒక చిన్న ఆరోగ్య కేంద్రానికి. సోమవారం చేరాలి. పొద్దున అక్కడికి చేరుకుని, ఆ ఆవరణలో నిలబడి, ఫోనులో తన ఫొటో తీసి పంపితేనే హాజరు. కోంటా నుంచి పోయే బస్సు దోర్నపాల్ చేరేసరికి, అక్కడి నుంచి లోపలికి పోయే జీపు వెళ్లిపోతుంది. తర్వాతి జీపు ఎప్పుడో డ్రైవరుకు కూడా తెలియదు.

"బండి ఉందిగా మనకి. నేను నడుపుకుంటూ వెళ్తానండీ," అంది వదిన, అన్నకు అన్నం వడ్డిస్తూ.

అన్న ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ఏందీ?"

"కారు. రోజంతా ఖాళీగానే ఉంటుంది కదా."

"ఖాళీగా ఉంటదా? ఆ రోడ్డు మీద లారీవాళ్లను చూసినవా నువ్వు? మ్యానర్సే లేదు. ఒక్కడు సైడ్ ఇయ్యడు. నాకే ఇయ్యరు. ఇగ నీకిస్తరా?"

"అడిగితే ఇస్తారేమో."

"అడుగుడు ఏందే? రోడ్డు మీద అడుక్కుంటారా ఎవరన్నా?" అన్న మా అమ్మ వైపు తిరిగాడు. "చెప్పమ్మా నువ్వన్న. మనింట్ల ఏం తక్కువని? రాజీనామా చెయ్యమను."

మా అమ్మ తాయారమ్మ చింతపండు చాట దగ్గరకు లాక్కుంది. కోడలి ఉద్యోగం మీద ఆమెకు ప్రత్యేకమైన ప్రేమ లేదు, ద్వేషమూ లేదు. కొడుకు మాట్లాడుతున్నప్పుడు చింతపండు గింజలు తీయడం ఆమె అలవాటు. ఎంత పెద్ద కుప్పయినా తీసేయగలదు, కొడుకు అంత మాట్లాడతాడు.

"నేను ఉద్యోగం మాననండి," అంది వదిన. గొంతు పెంచలేదు. పెరుగు గిన్నె ముందుకు జరిపింది.

అన్నకు కోపం వస్తే పందెం వేస్తాడు. "సరే. ఆదివారం దోర్నపాల్ దాక నువ్వే నడుపు. నేను పక్కన కూసుంట. ఒక్కటంటే ఒక్క లారీ గూడ నిన్ను సతాయించకపోతే తాళంచెవి నీది. సతాయించిందనుకో, సోమవారం రాజీనామా. ఏం?"

"సరేనండి."

"ఆలోచించుకో."

"పెరుగు వేయమంటారా?"

ఆదివారానికి రెండు రోజుల ముందు భూషణం లారీ వచ్చింది. భూషణం జగదల్‌పూర్ నుంచి మా కొట్టుకు పైపులు, రేకులు తెస్తాడు. చింతూరు వైపు మనిషి. వయసు తెలియని మొహం, ఎప్పుడూ నవ్వు. సరుకు దింపుతుండగా అన్న కొట్టు లోపల ఎవరితోనో బేరమాడుతున్నాడు. వదిన మా పెరటి వైపు నుంచి వచ్చి టీ గ్లాసు ఇచ్చి, అక్కడే నిలబడింది.

"భూషణం గారూ, ఒకటి అడుగుతాను. మీ లారీవాళ్లు మా కారుకి సైడ్ ఎందుకు ఇవ్వరు?"

భూషణం టీ ఊదుకున్నాడు. చుట్టూ చూశాడు. "ఎవరన్నరు సిస్టరమ్మా ఇయ్యరని?"

"నేనే చూశాను. ముందున్న జీపుకి ఇస్తారు, వెనకున్న జీపుకి ఇస్తారు. మధ్యలో మాకు ఇవ్వరు."

"మరి ఆ పాట ఉన్నది గదా," అన్నాడు అతను, తప్పదన్నట్టు. "ఆ పాట వినబడ్డదంటే సుక్మా నుంచి చింతూరు దాక అందరికీ తెలుస్తది, రామ్‌ప్రసాద్ సేఠ్ వస్తున్నడని. మాకు ఎవలు సైడ్ ఇచ్చినా, దాటినంక చిన్నగ ఒక పీ అనో, చెయ్యి ఎత్తుడో, ఏదో ఒకటి చేస్తరు. జీపువాళ్లు చేస్తరు, మిలిటరీ బండి గూడ చేస్తది. సేఠ్ అయితే..." ఆపేశాడు.

"అయితే?"

"సేఠ్ మా పక్క నుంచి పోయేటప్పుడు ఇట్ల చూస్తడు." భూషణం మెడ పొడుగ్గా చేసి, కళ్లు సగం మూసి, గవర్నరు సలామీ తీసుకుంటున్నట్టు చూపించాడు. నేను నవ్వు ఆపుకోలేక కొళాయి వైపు తిరిగాను.

"ఒకతూరి కేసా అని మా డ్రైవరొకడు లోడ్ బండిని మట్టిలకు దించి సైడ్ ఇచ్చిండు. సేఠ్ బండి ఆపి, ఇంత లేటెందుకని వానితో కొట్లాడిండు. కేసా బండి మట్టిల దిగబడి మధ్యాహ్నం దాక రాలే. అప్పటి నుంచి ఇగ ఎవలూ..." గ్లాసు కింద పెట్టాడు. "నేను జెప్పిన అనకు సిస్టరమ్మా. నాకు సేఠ్ సరుకు గావాలె."

"హారన్ కొట్టకపోతే?"

భూషణం తల గోక్కున్నాడు. "కొట్టకపోతే తెల్ల బండ్లు మస్తున్నయి. ఎవలకెరుక? వెనక రాసింది దాటిపోయినంక గదా కనబడేది. ఎదురుంగ వచ్చేటోనికి గద్ద కనబడ్తది గానీ, గద్దలు గూడ మస్తున్నయి."

ఆదివారం పొద్దున బయల్దేరాం. వదిన స్టీరింగు ముందు, అన్న పక్కన, వెనక నేనూ అమ్మా. దోర్నపాల్‌లో మా పెద్దమ్మ ఉంది. అమ్మ ఆమె కోసం ఒక సంచిలో మామిడికాయ పచ్చడి సీసా, ఇంకో సంచిలో తన కోసం నిమ్మకాయలు, ప్లాస్టిక్ కవర్లు పెట్టుకుంది. కారెక్కితే అమ్మకు వాంతులు. డాక్టరు అది వయసన్నాడు. అన్న అది కారు ఏసీ అన్నాడు. అన్న కాకుండా ఇంకెవరైనా నడిపితే ఎలా ఉంటుందో చూసే అవకాశం సైన్సుకు అప్పటిదాకా రాలేదు.

ఊరు దాటగానే మొదటి లారీ. సిమెంటు బస్తాలు, మీద నీలం పట్టా. వదిన హారన్ ముట్టుకోలేదు. లారీ వెనకనే, కొంచెం కుడివైపుకు జరిగి, దాని అద్దంలో కనపడేట్టు నడిపింది.

"కొట్టు హారన్," అన్నాడు అన్న.

"చూశాడండి."

"నీకెట్ల తెలుసు?"

లారీ ఎడమ లైటు వెలిగింది. కుడి కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి, పో పో అన్నట్టు ముందుకు ఊగింది. లారీ ఎడమకు ఒరిగింది. వదిన దాటింది. దాటుతూ స్టీరింగు మీంచి కుడిచెయ్యి తీసి కిటికీలోంచి కొంచెం ఎత్తింది. వెనక నుంచి చిన్నగా 'పాం' అని వినపడింది. అంతే. ఎవరికీ ఏమీ కాలేదు.

అన్న వెనక్కి తిరిగి ఆ లారీని చూశాడు. తర్వాత అడిగాడు. "వానికి చెయ్యి ఎందుకు ఎత్తినవ్?"

"దారి ఇచ్చాడు కదండీ."

"రోడ్డు వాని అబ్బదా ఇయ్యనీకి?"

రెండో లారీ కూడా అలాగే ఇచ్చింది. మూడోది టేకు దుంగల బండి, కొంచెం ఆలస్యం చేసింది. ఎదురుగా బస్సు వస్తోందని చెయ్యి అడ్డంగా పెట్టి ఆపి, బస్సు పోయాక రమ్మంది. వదిన ఆగింది, వెళ్లింది, చెయ్యి ఎత్తింది. అన్న ఒక్కొక్క లారీని ఆశగా చూస్తున్నాడు. ఈ లారీ అయినా తన పరువు కాపాడుతుందేమోనని. లారీలు మర్యాదగా పక్కకు జరుగుతుంటే ఆయన మొహం వాడిపోతోంది. అమ్మ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నిమ్మకాయ చేతిలోనే ఉంది, వాసన చూడాల్సిన పని పడలేదు.

ఎర్రబోరు మలుపు దగ్గర ఎదురుగా వచ్చే లారీ డిప్పర్ కొట్టింది. చెయ్యి కిందికి ఆడింది. వదిన వేగం తగ్గించి మలుపు తిరిగింది. ఈసారి మేకలు. రోడ్డంతా మేకలే. వాటి వెనక గొడుగు పట్టుకుని ఒక ముసలాయన. మేకలు తాపీగా రెండు పక్కలకూ విడిపోయాయి.

"చూసినవా," అన్నాడు అన్న. "నువ్వు స్లోగ పోతున్నవ్ కాబట్టే మేకలొచ్చినయి."

వదిన ముసలాయనకు కూడా చెయ్యి ఎత్తింది. ఆయన గొడుగు ఎత్తాడు.

"వానికి గూడనా?"

దోర్నపాల్ దగ్గర పడుతోంది. ముందు ఒక పొడవాటి లారీ, ఇనుప కడ్డీలు, చివరన ఎర్ర గుడ్డ కట్టి ఉంది. ఇదొక్కటీ దాటితే పందెం అయిపోతుంది. ఆ సంగతి కారులో నిద్రపోతున్న మనిషికి తప్ప అందరికీ తెలుసు. వదిన ఎప్పటిలాగే కుడికి జరిగి అద్దంలో కనపడింది. లారీ ఎడమ లైటు వెలిగింది. లారీ మెల్లగా ఒరిగింది. చెయ్యి బయటికి వచ్చి ముందుకు ఊగింది. వదిన గేరు మార్చి కుడికి తిప్పింది.

అన్న వంగి, వదిన చేతుల మధ్య నుంచి తన చెయ్యి పెట్టి, హారన్ నొక్కాడు. గట్టిగా నొక్కాడు. పెళ్లి బ్యాండు వాళ్లందరూ మెట్ల మీంచి పడ్డారు, లేచారు, మళ్లీ పడ్డారు.

లారీ కిటికీలోంచి వచ్చిన చెయ్యి గాలిలో ఆగింది. పాట ఎక్కడిదో గుర్తుపట్టే మనిషిలా ఒక్క క్షణం అలాగే ఉంది. తర్వాత వేళ్లు ముడుచుకుని లోపలికి పోయింది. ఎడమ లైటు ఆరింది. లారీ ఏ తొందరా లేకుండా రోడ్డు మధ్యకు వచ్చి కూర్చుంది. వదిన బ్రేకు వేసి వెనక్కి తగ్గింది. అమ్మ ఉలిక్కిపడి లేచింది. పచ్చడి సీసా సంచిలోంచి దొర్లి నా కాళ్ల మీద పడింది.

"చూసినవా," అన్నాడు అన్న. ఎన్నాళ్లకో ఆయన గొంతులో సంతోషం వినిపించింది. "చూసినవా, చూసినవా. ఇగో, ఇదీ వీళ్ల మ్యానర్సు."

"ఇస్తున్నాడండి. మీరు హారన్ కొట్టారు."

"కొడితే? హారన్ ప్లీజ్ అని వాళ్లే గదా వెనక రాసుకుంటరు. అడిగిండు, కొట్టిన."

"ఆ హారన్ వాళ్లకి తెలుసండి. ఎవరిదో."

"తెలువాలె మరి," అన్నాడు అన్న. "అందుకే గదా పెట్టించిన."

వదిన ఇనుప కడ్డీల వెనక, ఎర్ర గుడ్డను చూస్తూ, నడక వేగంతో నడిపింది. కొంత దూరం పోయాక ఇరుకు కల్వర్టు వచ్చింది. ఒకే బండి పట్టే దారి. కడ్డీల లారీ దాటింది. అవతల ఎదురు లారీ ఒకటి ఆగి ఉంది, డ్రైవరు మమ్మల్ని కూడా రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. వదిన ముందు చక్రాలు కల్వర్టు ఎక్కాయి. అన్న మళ్లీ వంగాడు. వదిన మోచెయ్యి అడ్డం పెట్టింది గానీ, ఈ కారు హారన్ అన్నకు వదిన కంటే బాగా తెలుసు. పాట మోగింది. ఎదురు లారీ ఇంజను గర్జించి కల్వర్టు ఎక్కేసింది. వదిన రివర్సు గేరు వేసి, అద్దంలో చూసుకుంటూ, చాలా జాగ్రత్తగా వెనక్కి వచ్చి, పక్కకు తీసి నిలిపింది. ఆ లారీ మా పక్క నుంచి పోతుంటే డ్రైవరు సరిగ్గా భూషణం చూపించినట్టే చూశాడు. మెడ పొడుగ్గా, కళ్లు సగం మూసి.

"ఏంది వాడు అట్ల చూస్తడు?" అన్నాడు అన్న, నిజంగానే నొచ్చుకుని. "మనుషులను చూడనే లేదా?"

దోర్నపాల్‌లో పెద్దమ్మ ఇంటి ముందు దిగి అన్న తీర్పు చెప్పాడు. "అయిపోయింది. తేలిపోయింది."

"అయితే రిజైన్ చేయమంటారా?" అంది వదిన.

"నేనంటలేను. రోడ్డంటున్నది."

వదిన తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. మొహం మామూలుగానే ఉంది. పెద్దమ్మ ఇంట్లో భోజనాల దగ్గర మాత్రం, అందరికీ వడ్డించి తను కూర్చున్నాక, అన్నం కలిపి తినకుండా అలాగే ఉండిపోయింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె ఒకసారి నాతో అన్న మాట గుర్తొచ్చింది. పొద్దున తెల్లచీర కట్టుకుని గేటు దాటితే తప్ప నా పేరు నాకు వినపడదు అమ్మూ, అంది. ఇంట్లో ఆమెను అందరూ ఏదో ఒకటి అంటారు. సిస్టరమ్మా, సుధారాణి సిస్టర్ అనేది గేటు బయటే.

తిరుగు దారిలో అన్న నడిపాడు. విజేత కాబట్టి పాట మానలేదు. కొబ్బరికాయల లారీ సైడ్ ఇవ్వలేదు. దాని ముందున్న ఖాళీ లారీ సైడ్ ఇవ్వలేదు. ఖాళీ ట్రాక్టరు కూడా ఇవ్వలేదు. ట్రాక్టరు దాకా వార్త ఎలా చేరిందో నాకు తెలియదు. అన్న బ్రేకు వేయడం, ముందుకు దూకించడం, మళ్లీ బ్రేకు. ఇంజరం దగ్గర అమ్మ ఒక కవరు వాడింది. ఆ తర్వాత రెండోది. ఆ తర్వాత అన్న భుజం మీద చెయ్యి వేసి, "ఆపు," అంది.

కారు ఆగింది. వదిన దిగి అమ్మకు నీళ్లు ఇచ్చి, వీపు నిమిరింది. అన్న కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏసీ పడ్తలేదా అమ్మా?"

అమ్మ పుక్కిలించి ఊసింది. "పొద్దున గూడ ఏసీ ఉండె గదరా."

"అంటే?"

"పొద్దున నేను నిద్రపోయిన."

"పొద్దున అంటే... పొద్దున చల్లగుండె."

అమ్మ మూతి తుడుచుకుంది. వచ్చి కూర్చుంది. ఈసారి నిమ్మకాయను ముక్కు దగ్గర గట్టిగా అదుముకుంది. కోంటా వచ్చేదాకా కళ్లు తెరిచి, అన్న మెడ వెనక భాగాన్ని చూస్తూ కూర్చుంది. కన్న కొడుకు మెడను అమ్మ అంత శ్రద్ధగా చూడటం నేను ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం అన్న సందు చివర కొట్టు ముందు కూర్చుని, వచ్చేపోయే వాళ్లకు పందెం కథ చెబుతున్నాడు. వదిన పెరట్లో బట్టలు ఉతుకుతోంది. తెల్లచీర కూడా ఉతికి, గంజి పెట్టి, ఆరేసింది. రాజీనామా ఇవ్వడానికి పోయినా శుభ్రంగానే పోవాలి మరి. అమ్మ వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. నేను కారుకు గుడ్డ కప్పబోతున్నాను.

"అమ్మూ," అంది అమ్మ. "ఆ పాత హారన్ ఉన్నదా, పారేసిండా?"

"ఉన్నది. లోపలనే."

"మోగుతదా?"

"తీగ మార్చి తగిలిస్తే మోగుతది."

అమ్మ గోరు చుట్టూ అంటుకున్న చింతపండు పీచు పీకింది. "నీకు వస్తదా ఆ పని?"

నేను గుడ్డ పక్కన పెట్టి బానెట్ ఎత్తాను. ఒక తీగ పీకి ఇంకోదానికి తగిలించడానికి పాలు పొంగేంత సేపు కూడా పట్టలేదు. సరిచూడటానికి ఒక్కసారి నొక్కాను. జలుబు చేసిన మేక, చాలా రోజుల తర్వాత, 'మే' అంది. సందు చివర అన్న తల తిప్పి చూశాడు. ఎవరిదో పాత స్కూటరు అనుకున్నాడు కాబోలు, మళ్లీ కథలో పడ్డాడు.

"ఇంతే ఉండేనా?" అంది అమ్మ. "మంచిగనే ఉన్నది గదా. చెవులకు ఇంపుగ."

సోమవారం పొద్దున నేను గద్ద కళ్లు తుడిచి లోపలికి వచ్చేసరికి అన్న మంచం మీద కూర్చుని, వాకిలికి వీపు పెట్టి, ఫోనులో మాట్లాడుతున్నాడు. భద్రాచలంలో ఉండే ఆయన స్నేహితుడు. ఆ స్నేహితుడు కూడా ఈమధ్యే కారు కొన్నాడు. ఒకరి బాధ ఇంకొకరికి తెలుసు.

"లే, లే. ఆమెకు తెలిసిపోయింది, ఆడోళ్లకు ఈ రోడ్డు గాదని. నేనేం బలవంతం జేయలే. స్వయంగ చూసింది గదా... ఆ, ఇగ కాగితం రాసిస్తది ఇయ్యాల. నేనే తీస్కపోయి దింపుత ఆఫీసు కాడ."

వదిన స్నానం చేసి గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుంది. వంటింట్లోకి వచ్చి టిఫిన్ డబ్బాలో చపాతీలు పెట్టుకుంది. డబ్బా మూత పెట్టబోతే అమ్మ ఆపింది. కొంగు ముడి విప్పింది. అందులోంచి కారు తాళంచెవి తీసి చపాతీల డబ్బా పక్కన పెట్టి, మళ్లీ కొంగు సర్దుకుంది. అది రాత్రి అన్న చొక్కా జేబులో ఉండాలి. చొక్కా కొక్కేనికే వేలాడుతోంది. జేబు మాత్రం తేలిగ్గా ఉంది.

వదిన తాళంచెవి వంక చూసింది. అమ్మ వంక చూసింది.

"జగర్గుండా దారిల పొద్దున లారీలు ఎక్కువుంటయా?" అంది అమ్మ, పప్పు డబ్బా వెతుకుతున్నట్టు అటు తిరిగి.

"మామూలుగానే ఉంటాయి అత్తయ్యా."

"వచ్చే నెల అటు అక్క కూతురింటికి పోవాలె నేను. ఆదివారం పెట్టుకుంట." ఒక క్షణం ఆగి, "నువ్వు నడిపితేనే," అంది.

తర్వాత అమ్మ చింతపండు చాట తీసుకుని వాకిలి గడపలో కాళ్లు బార్లా చాపి కూర్చుంది. ఆమె ఎప్పుడూ కూర్చునే చోటే అది. ఆమె అక్కడ కూర్చుంటే లోపలి వాళ్లు బయటికి పోవడానికి, బయటి వాళ్లు లోపలికి రావడానికి, అన్నతో సహా అందరూ ఒక్క నిమిషం ఆగాల్సిందే. 'అమ్మా, కాళ్లు' అని అనాల్సిందే.

అన్న ఫోను చెవి మార్చాడు. "అసలు ఈ దేశంల మర్యాదంటె ఏందో ఎవనికన్న తెలుసా? ఒక మనిషి వస్తున్నడంటె పక్కకు జరగాలె. రాంగనే జరగాలె. ఎవడు నేర్పుతడు ఇవన్ని?"

వదిన చెప్పులు వేసుకుని, భుజానికి సంచి తగిలించుకుని, గడప దగ్గరకు వచ్చింది. అమ్మను కాళ్లు తీయమనలేదు. కొంచెం కుడివైపుకు జరిగి, అమ్మకు కనపడేట్టు నిలబడింది.

అమ్మ చాట మీంచి తల ఎత్తకుండా కాళ్లు ముడుచుకుంది.

వదిన గడప దాటింది. దాటుతూ కుడిచెయ్యి కొంచెం పైకెత్తింది. తాళంచెవితో కారు వైపు నడిచింది.